వీరేశలింగం పంతులుగారు: పెద్దలును పిన్నలును



గడచిన వేసవిలో సంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక అవ్వ మన పాఠశాలకు వచ్చెను. తొమ్మిదవ తరగతి చదివిన తన మనుమరాలికి సర్టిఫికెట్టు తీసికొనిపోవుట ఆమె వచ్చిన పని. వరుసగా రెండేండ్లు వేరుసెనగ పంట చేతికి రాలేదు. బోరుబావి యెండిపోయినది. కొడుకును కోడలును బెంగుళూరునకు కట్టడపు పనికి పోయిరి. ఇల్లును, అప్పును, పిల్లయు ముసలిదాని మీద పడినవి. అప్పిచ్చిన బంధువుల యింటనే పిల్లకు సంబంధము కుదిరినదట. తనకు పండ్రెండేండ్లకే పెండ్లియైనదనియు, దానివలన తాను చెడిపోయినదేమియు లేదనియు ఆమె చెప్పెను. ఆ మాటలో కోపము లేదు, మొండితనమును లేదు. తాను మోసిన బరువును మనుమరాలు మోయరాదా యనుటయే ఆమె ప్రశ్న. పిల్ల మాత్రము వరండాలో స్తంభము చాటున నిలిచి తన చెప్పుల వంక చూచుకొనుచుండెను.

ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండకుండ పెండ్లి చేయరాదని చట్టము కలదని మేము చెప్పితిమి. చట్టము చేతులు కట్టగలదు గాని మనసునకు ఉత్తరము చెప్పజాలదు. పెద్దలు పిన్నలకు ఏమి బాకీ? పిన్నలు పెద్దలకు ఏమి బాకీ? ఆ లెక్క యెవరు కట్టవలెను? ఈ లెక్కను బ్రతుకంతయు వేసి చూచి, ఒకానొకచోట తానే తప్పి, మరల దిద్దుకొనిన యొక బడిపంతులు కథ నాకు ఆ సాయంకాలము జ్ఞప్తికి వచ్చెను. గోదావరి యొడ్డున పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారికిని, చెఱువు నిండుటయే పండుగయైన మన మడకశిరకును సంబంధమేమి యని యెవరైన నడిగినచో, ఆ అవ్వయే సంబంధమని నా మనవి.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. ఆఱు నెలల పసికందుగా నున్నపుడే ఆయనకు మశూచి సోకెను. నాల్గవ యేట తండ్రి గతించెను. పెదతండ్రి వేంకటరత్నముగారును నాయనమ్మగారును ఆ తండ్రిలేని పిల్లవానిని అల్లారుముద్దుగా పెంచిరి. ఉబ్బసపు దగ్గు చిన్ననాడే పట్టుకొని కడవఱకు విడువలేదు. ఈ సంగతులను నేను వట్టి వంశవృత్తాంతముగా చెప్పుట లేదు. పెద్దలతో పోరాడినవాడనగానే, పెద్దల యాదరణ యెఱుగక పెరిగి కసి పెంచుకొన్నవాడని కొందఱు తలంతురు. ఈయన విషయమున అది తలక్రిందులు. ముసలిచేతులలో పెరిగినవాడే ముసలివారి తప్పును తప్పని చెప్పగలిగెను.

వీధిబడిలో చదువు మొదలుపెట్టి, పండ్రెండవ యేట ఇంగ్లీషు చదువునకు ప్రభుత్వ పాఠశాలలో చేరిరి. పదుమూడవ యేట, అనగా 1861లో, ఎనిమిదేండ్ల బాపమ్మతో ఆయనకు వివాహమయ్యెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారుగా ప్రసిద్ధి కెక్కినది. బాల్యవివాహములను ఖండించిన మహానుభావుడు తానును బాల్యవివాహితుడే యని మన పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. తన పెండ్లి తాను కుదుర్చుకొనలేదు గదా. పెద్దలు చేసిన దానిని భరించినవాడు, తన వంతు వచ్చినపుడు అదే పనిని పిన్నలకు చేయకుండుటయే ఇందు గమనింపవలసిన సంగతి.

1867లో, పందొమ్మిదేండ్ల విద్యార్థిగా నున్నపుడు, ఒక విశేషము జరిగెను. తమ తరగతికి చెప్పవలసిన పాఠములు కొన్ని చెప్పుట లేదనియు, ప్రధానోపాధ్యాయుని మార్పవలసినదనియు ఆయన తోడి విద్యార్థులను కూడగట్టి గట్టి యలజడి చేసెను. ఈ విషయమును మన పత్రికలో వ్రాయుటకు నేను కొంత సందేహించితిని. పిల్లలు దీనిని మాత్రము చక్కగా జ్ఞప్తియందుంచుకొని తక్కినది మఱచిపోవుదురేమో యని భయము. కాని దాచి చెప్పిన చరిత్ర చరిత్ర కాదు. అదియునుగాక ఈ సంగతి మనకు ముందు మరల కావలసి వచ్చును.

ఆ యేడే ఆయన ఉద్యోగమునకు ప్రయత్నించి, లంచ మియ్యనిదే అది దొరకదని తెలిసి మానుకొనెను. వకాల్తీ పరీక్ష తలపెట్టి, అసత్యము పలుకక ఆ వృత్తి సాగదని భావించి దానిని వదలెను. 1869లో మెట్రిక్యులేషన్ పరీక్షయం దుత్తీర్ణుడై, తుదకు బడిపంతులుగా కుదురుకొనెను. కోరంగిలోను, ధవళేశ్వరములోను పని చేసి, తరువాత రాజమహేంద్రవరపు కళాశాలలో తెలుగు పండితులైరి. ధవళేశ్వరమున నున్నపుడు, 1874లో, రెండు పనులు చేసిరి. ఆడపిల్లలకు బడి పెట్టిరి. వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి.

ఆ పత్రిక మొదట మదరాసులో అచ్చయ్యెడిది. పిదప రాజమహేంద్రవరముననే అచ్చుకూటము పెట్టుకొనిరి. లంచము పుచ్చుకొను నుద్యోగులు, వేశ్యల మేళములు పెట్టించు ధనవంతులు, దయ్యముల పేర డబ్బు లాగు మంత్రగాండ్రు, అందఱకును ఆ పత్రిక తేలుకుట్టినట్లుండెడిది. స్త్రీవిద్య కూడదని వాదించిన కొక్కొండ వేంకటరత్నం పంతులుగారి ఆంధ్రభాషాసంజీవనితో దీనికి నిత్యయుద్ధము. చూడుడు, కొక్కొండవారు మన పంతులుగారి కంటె ఆఱేండ్లు మాత్రమే పెద్ద. ఇది ముసలివారికిని పడుచువారికిని కలహమని పైకి కనబడినను, వయస్సు లెక్క అంత సూటిగా పోదు. పడుచువారిలో పాత తలలును, ముసలివారిలో క్రొత్త తలలును ఆ కాలమునను కలవు, ఈ కాలమునను కలవు.

ఇక కన్యాశుల్కపు మాటకు వత్తము. 1876లో పంతులుగారు బ్రహ్మవివాహ మను ప్రహసనమును వ్రాసిరి. ప్రజలు దానిని పెద్దయ్యగారి పెండ్లి యనిరి. డబ్బు గల ముసలివాడొకడు పసిపిల్లను కట్టుకొనుట దానిలోని కథ. నవ్వించుచునే రక్తము మరగించు రచన యది. కవి కల్పించిన కథ యని త్రోసివేయుటకు వీలులేదు. తరువాత విజయనగర మహారాజా ఆనందగజపతివారు విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల జాబితా తయారుచేయించిరి. మొత్తము 1034 తేలినవి. వానిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆఱుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ యేడాది పిల్లల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు పలికినదట. ఈ లెక్కను గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్క నాటకపు పీఠికలో పొందుపఱచిరి. ఆ నాటకము 1892లో ఆడబడి, 1897లో అచ్చయ్యెను.

ఈ యంకెలను తరగతిలో నల్లబల్ల మీద వ్రాసినపుడు పిల్లలు మాటాడలేదు. ఒక బాలిక మాత్రము, ఆ డబ్బు ఎవరికి పోయెనని అడిగెను. సరియైన ప్రశ్న. ఆ డబ్బు తండ్రికి పోయెను. తండ్రి చేసిన అప్పు తీఱెను, లేక అన్నగారి పెండ్లి ఖర్చునకు చాలెను. అనగా పెద్దల బాకీని పిల్ల తన బ్రతుకుతో చెల్లించెను. మగని తల నెరసినది, పిల్లకు పాలపండ్లు. అతడు పోయినపుడు ఆమె పదేండ్లదో పండ్రెండేండ్లదో. తల గొరిగించి, మూల కూర్చుండబెట్టి, శుభకార్యములకు ఎదురు రావలదని శాసించిరి. ఒక తరము తన సుఖమును ముందుగా అనుభవించి, ఖర్చును తరువాతి తరము ఖాతాలో వ్రాసినట్లు. కరవుసీమ వారమైన మనకు ఈ పద్ధతి తెలియనిది కాదు. తాతల కాలపు నోట్లకు మనుమలు వడ్డీ కట్టుట మన పల్లెలలో ఎఱిగినదే.

అన్నట్లు, ఆ అవ్వ ఆనాడు సర్టిఫికెట్టు తీసికొనకయే వెడలెను. జూన్ నెలలో పిల్ల పదవ తరగతికి వచ్చినది. అప్పు మాత్రము తీఱలేదు. అవ్వ ఇప్పుడును ఉపాధి పనికి పోవుచున్నది.

పంతులుగారు ప్రహసనము వ్రాసి ఊరకుండలేదు. 1879 ఆగస్టులో వితంతు వివాహమును గుఱించి రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. ఇచట వారి నేర్పు గమనింపదగినది. శాస్త్రములు తగులబెట్టుడని వారు చెప్పలేదు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు త్రొక్కిన దారినే పట్టి, పెద్దలు నమ్మిన పరాశరస్మృతినే తీసికొని, పెద్దల వాకిటనే నిలిచి, పునర్వివాహము శాస్త్రసమ్మతమేయని వాదించిరి. విద్యాసాగరుని కృషివలన 1856లోనే చట్టము వచ్చియుండెను. కాని చట్టము పుస్తకములో నుండెను, పిల్ల మూలగదిలో నుండెను. పండితులు ఆయనకు ఖండనములు వ్రాసిరి. ఆయన ఆ ఖండనములకు ఖండనములు వ్రాసిరి. ఊరి పెద్దలకు అంతవఱకు వినోదముగనే యుండెను. వాదము పెండ్లిపందిరిగా మాఱునని వారెవ్వరును తలంపలేదు.

1881 డిసెంబరు 11వ తేదీన గౌరమ్మ యను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములు అను యువకునితో రాజమహేంద్రవరమున, పంతులుగారి యింటనే పెండ్లి జరిగెను. తెలుగునాట మొదటి వితంతు వివాహమని ప్రసిద్ధి గన్నది ఇదియే. నాలుగు దినములలో రెండవది జరిగెను. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. బసవరాజు గవర్రాజుగారి వంటి మిత్రులు వెన్నుదన్నుగా నిలిచిరి. దౌర్జన్యము జరుగవచ్చునని పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చెను. పోలీసులకంటె ముందు ఆ యింటిని కాచినవారు కళాశాల విద్యార్థులు. ఊరిలో తలనెరసినవారు తలుపులు మూసికొనగా, మీసము సరిగా రాని పిల్లలు గుమ్మము కాచిరి. ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆ పెండ్లికూతురు పసితనము వీడని బాలిక. నేటి చట్టము ప్రకారము అదియు బాల్యవివాహమే. ఆ కాలపు సంస్కర్తకు అందిన దూరము అంత. పెండ్లియీడు చట్టము 1929లో వచ్చి ఆడపిల్లకు పదునాలుగేండ్లని నిర్ణయించినది. పదునెనిమిదని దిద్దుటకు 1978 కావలసి వచ్చెను.

పెండ్లి అయిన మఱునాటినుండి వెలివేత ఆరంభమయ్యెను. విరూపాక్ష పీఠాధిపతి బహిష్కార పత్రికలు పంపెను. బంధువులు రాకపోకలు మానిరి. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్లు మోయువాడు రాడు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి తానే పోయి బిందె నింపుకొని వచ్చి, వచ్చిన వారందఱకును తానే వండి పెట్టెడిది. చరిత్ర పుస్తకములలో పంతులుగారి యుపన్యాసములకు పుటలు చాలును గాని, ఆ బిందెకు ఒక పంక్తియే. మడకశిర ప్రాంతమున కొళాయి కడ వేకువజామున వరుసలో నిలిచిన తల్లులకు ఆ పంక్తి చాలును, తక్కినది వారే యూహింపగలరు.

విద్యార్థుల సంగతి ఏమయ్యెను? తాంబూలమునకు వచ్చినవారును, విందు కుడిచినవారును తమ తమ ఇండ్లలో చిక్కులు పడిరి. తండ్రి చదువు మాన్పింతుననెను, మామ పిల్లనీయననెను. పలువురు ప్రాయశ్చిత్తము చేయించుకొని బయటపడిరి. పంతులుగారి యాప్తులలోను అట్లు వెనుదీసినవారు కలరు. వారిని నేను పిఱికివారనలేను. జీతము లేని పిల్లవాడు తండ్రి యింటి యన్నము తినుచు ఎంత దూరము పోగలడు? పెద్దలకు పిల్లల మీద నున్న యధికారమునకు వేరు అన్నపుగిన్నెలో నున్నదని ఆ దినములలో తేటపడినది. పంతులుగారు మాత్రము ప్రాయశ్చిత్తము చేసికొనలేదు. పిల్లలను ముందుకు త్రోసి తాను గట్టున నిలువలేదు. ముప్పదిమూడేండ్ల వయస్సున, దగ్గు బాధించుచుండగా, అందఱి కంటె పెద్ద వంతును తానే మోసెను. ఆయన చేయించిన వితంతు వివాహములు నలుబదికి చేరువగా నుండునని చెప్పుదురు.

తరువాతి యేండ్లను త్వరగా దాటుదము. 1880లో రాజశేఖరచరిత్రము గ్రంథముగా వెలువడి తెలుగు నవలకు దారితీసెను. 1883లో స్త్రీల కొఱకు సతీహితబోధిని వచ్చెను. 1890లో రాజమహేంద్రవరమున పురమందిరము కట్టించిరి. 1893లో ప్రభుత్వము రావుబహద్దూరు బిరుద మిచ్చెను. న్యాపతి సుబ్బారావుగారి చింతామణి పత్రికకు పంతులుగారు సంపాదకులుగా నున్నపుడు నవలలకు పోటీలు పెట్టిరి. అందు బహుమానము గెలిచిన వారిలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారొకరు. అప్పటికి ఆయన యిరువదియేడేండ్లవాడు, చూపు మందగించినవాడు, పేరు లేనివాడు. రామచంద్రవిజయముతో ఆయన పేరు దేశమున తెలిసెను. తలుపు తెఱచుట పెద్దల చేతిలోని పని. పంతులుగారు తెఱచిరి.

ఇక నేను చెప్పుటకు ఇచ్చగింపని ఘట్టమునకు వచ్చితిని. 1907 ఏప్రిల్‌లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి స్వదేశీ యుద్యమమును గుఱించి ఉపన్యసించెను. చిలకమర్తివారు వానిని తెలుగున వినిపించిరి. ఊరు పొంగిపోయెను. విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి తరగతులకు వచ్చిరి. కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరు కూడదనెను. పిల్లలు వినలేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న కర్నూలు సీమ యువకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వారికి ముందు నిలిచి, కళాశాలనుండి వెలివేయబడెను. మఱుసటి సంవత్సరము ఆయన తన పత్రికలో వ్రాసిన వ్యాసమునకు చెఱసాలకు పోయెను.

పంతులుగారికి ఈ యుద్యమము రుచింపలేదు. ఇంగ్లీషు ప్రభుత్వపు నీడన సంఘసంస్కారము సాగినదని వారి నమ్మకము. వితంతువు పెండ్లినాడు కాపాడినది ఆ ప్రభుత్వపు పోలీసులే గదా. పిల్లలు రాజకీయములలో దిగుట చదువునకు చేటని వారి యభిప్రాయము. నలుబదేండ్ల క్రిందట ప్రధానోపాధ్యాయుని మార్పవలెనని తోడివారిని కూడగట్టిన యువకుడే, అదే ఊరిలో, ఈ పిల్లలను చూచి తల అడ్డముగా త్రిప్పెను. 1881లో తన గుమ్మము కాచినది కళాశాల విద్యార్థులే యనుట వారికి జ్ఞప్తికి రాలేదా? వచ్చియే యుండవలెను. కాని యేబదితొమ్మిదేండ్ల వయస్సు, జీవితమంతయు ఒక్క దిక్కున పెట్టిన శ్రమ, వ్యాధి, ఇవి మనుష్యుని కన్నులకు గంతలు కట్టును. కుఱ్ఱవాండ్రు ఆయనను దేశద్రోహి యనుటకును వెఱవలేదు. ముప్పదియేండ్ల క్రిందట ఛాందసులు ధర్మద్రోహి యనినట్లే యిది. ఇరువైపులను అన్యాయము జరిగినది. నా తీర్పు అడిగినచో, ఈ వ్యాజ్యెములో పిల్లల పక్షమే న్యాయమైనది. కాని వారు నిలిచిన నేలను చదును చేసినది ఎవరో వారు తెలిసికొనలేదు.

ఈ మాట వ్రాయుచున్న నేనును శిక్షణ కళాశాలలో చదివిన ఉపాధ్యాయుడనే. పాఠమును ఎట్లు విభజింపవలెనో, ప్రశ్నను ఎట్లు వేయవలెనో అచట నేర్చితిని. పిల్లవాడు ఎదురు చెప్పినపుడు, కోపగించుటకు ముందు, వాడు చెప్పునది నిజమా కాదా యని చూచుట ఏ పుస్తకములోను లేదు. రెండేండ్ల క్రిందట పదవ తరగతి పిల్లలు, నేను చివరి పాఠములను పరుగెత్తించుచున్నానని ఒక కాగితము వ్రాసి బల్ల మీద పెట్టిరి. నేను దానిని చింపివేసితిని. ఆ రాత్రి నా గుర్తు పుస్తకము తీసి చూడగా, మూడు వారములలో చెప్పవలసినది ఎనిమిది దినములలో ముగించియుంటిని. మఱునాడు మరల మొదటినుండి చెప్పితిని. చింపినందుకు క్షమాపణ మాత్రము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను. ఆ తరగతివారు కొందఱు ఈ పత్రిక చదువుదురని నమ్మిక.

పంతులుగారికి సంతానము లేదు. ఇది మఱచిపోరాని సంగతి. ఎవరి పిల్లల కొఱకు ఆయన పాటుపడెనో వారందఱును పరుల పిల్లలు. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, అచ్చుకూటము, ఇండ్లు, గ్రంథముల మీద వచ్చు రాబడి, తన సర్వస్వమును ఆ సమాజమునకు వ్రాసియిచ్చెను. దాని యాజమాన్యమున పాఠశాల నడచెను, వితంతువులకు ఆశ్రయము దొరకెను. మన సీమలో తాతలు మనుమలకు విడిచిపోవునది సాధారణముగా భూమియో, అప్పో, రెండును కలిసియో. పేరు కూడ తెలియని పిల్లలకు ఆస్తి విడిచిపోవుట అరుదు. 1910 ఆగస్టు 11వ తేదీన రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. దాదాపు ఏబదేండ్ల కాపురము. ఆ తరువాత ఆయన మరల మునుపటివలె కోలుకొనలేదు.

కాని కథ ఇచటితో తుదముట్టలేదు. భాష విషయమున నొక సంగతి మిగిలినది.

పంతులుగారు గ్రాంథికమున పుట్టి పెరిగిన రచయిత. చిన్నయసూరి నీతిచంద్రికలో విడిచిన విగ్రహ సంధులను ఆయనయు పూరించెను. యౌవనమున కఠినమైన పదములతో వ్రాసి, చదువువారికి తెలియుట లేదని తానే గ్రహించి, శైలిని క్రమముగా తేట చేసికొనెను. అయినను వ్యాకరణము గీచిన గీటు దాటలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో గిడుగు రామమూర్తి పంతులుగారును గురజాడవారును, జనులు మాటాడు భాషలోనే బడిపుస్తకము లుండవలెనని యుద్యమించిరి. తెలియని భాషలో పరీక్ష వ్రాయుమనుట పిల్లలకు అన్యాయమని వారి వాదము. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పెద్దలు ఎదిరించిరి. 1913, 1914 సంవత్సరములలో ఈ వాదము మదరాసు విశ్వవిద్యాలయము వఱకు పోయెను. గిడుగువారు 1863లో పుట్టినవారు, మన పంతులుగారికి పదునైదేండ్లు చిన్న. యాబదేండ్లుగా గ్రాంథికమున వ్రాసి దానివలననే కీర్తి గడించిన వృద్ధుడు, ఆ కీర్తికి మూలమైన దానినే ప్రశ్నించు చిన్నవారి వాదము వినునా?

వినెను. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వాడుకభాష కొఱకు ఒక సమాజ మేర్పడినపుడు, వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులైరి, గిడుగువారు కార్యదర్శి యైరి. అప్పటికి ఆయనకు డెబ్బదియొకటవ యేడు జరుగుచుండెను. ఆ పీఠము మీద కూర్చుండుటవలన ఆయనకు లాభ మేమియు లేదు. తాను వ్రాసిన వందలాది పుటలు పాతబడిపోవునని తెలిసియే కూర్చుండెను. 1907లో వినని చెవి 1919లో వినుటకు కారణమేమి? నాకు తోచునది, పండ్రెండేండ్ల యేకాంతము, భార్య మరణము, ఇవి కొన్ని గంతలను విప్పియుండును. లేదా, బడిపంతులుగా ఆయనకు పిల్లవాని కష్టము తెలియును. జెండాల మాటలో ఆయనకు చిక్కు కలిగినది గాని, పిల్లవాడు పుస్తకము తెఱచి అర్థము తెలియక చూచు చూపు ఆయనకు చిరపరిచితము.

ఇంత చెప్పి, నేను ఇప్పటికిని ఈ గ్రాంథికముననే వ్రాయుచున్నానని మన విద్యార్థులు చాటున నవ్వుదురు. నాకు తెలియును. నా చేతికి అలవాటైన కలము ఇది. వారు వ్రాయు వ్యాసములను మాత్రము నేను దిద్దునపుడు, వాడుకమాటకు మార్కు తగ్గింపను.

1919 వేసవిలో పంతులుగారు కవులచరిత్రము పని మీద మదరాసునకు పోయిరి. ముప్పదియేండ్లకు పూర్వము మొదలిడిన గ్రంథము, మరల సవరించుచుండిరి. అచట వేదవిలాసమను భవనమున దిగిరి. ఆ యిల్లు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిది. విజ్ఞానసర్వస్వమును తెలుగువారికి కూర్చుటకు పూనుకొనిన ఆ పండితుడు పంతులుగారికంటె ఇరువదితొమ్మిదేండ్లు చిన్నవాడు. కొడుకు లేని వృద్ధునికి కొడుకు వయస్సువాడు ఇల్లిచ్చి ఉపచారములు చేసెను. అచటనే, మే 27వ తేదీన, పుస్తకపు పని ముగియకుండగనే, పంతులుగారు కన్ను మూసిరి.